క్వెంచింగ్ (కాలిన కడ్డీని నీళ్ళతో ఒక్కసారిగా చల్లార్చే) టెస్టులో కడ్డీ రోజురోజుకీ తొందరగా చల్లారుతోంది, ఎందుకు?

కావలి దగ్గర కాలేజీ ల్యాబ్‌లో, అణు ఇంధన కడ్డీకి కూలెంట్ (చల్లబరిచే నీరు) పోతే ఏమవుతుందో చూసే చిన్న రిగ్ (టెస్టు అమరిక) ఇది. చాలా పెద్ద రియాక్టర్లలో అసలు కడ్డీలో ఇంధనం ఉండే భాగమే దాదాపు 3.7 మీటర్లు. ఇక్కడ 300 మి.మీ. స్టీలు గొట్టం, 9.5 మి.మీ. వ్యాసం, లోపల హీటరు, హీటరు చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. యురేనియం జోలి లేదు కాబట్టి రోజుకు నాలుగు టెస్టులు అవుతాయి.

600 డిగ్రీలకు వేడిచేసి కింది నుంచి సెకనుకు 20 మి.మీ. చొప్పున నీళ్ళు ఎక్కిస్తాం. కడ్డీ మధ్యలోని థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) రీడింగు మొదటి టెస్టులో 38 సెకన్లకు ఒక్కసారిగా పడిపోయింది, ఆరో టెస్టుకి 29కే. కడ్డీ మీద సుద్దలాంటి తెల్లటి పూత. నిమ్మకాయతో రుద్ది కడిగితే మళ్ళీ 37 సెకన్లు. బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని, నీటిని కడ్డీకి తగలనీయని ఆవిరి పొర త్వరగా చెదిరి, నీరు ముందే అంటుకుంటోందని మా అనుమానం.

తెలిసినవాళ్ళు చెప్పండి: ఆర్‌ఓ నీళ్ళు చాలవా, డిస్టిల్డ్ వాటరే కావాలా? థర్మోకపుల్ బయట వెల్డ్ చేశాం. అది రెక్కలా వేడి లాగేసి ముందే చల్లారినట్టు చూపిస్తుందా, గాడి కోసి లోపల పెట్టాలా? ఇంత పొట్టి కడ్డీలో చివర్ల నుంచి ఎన్ని మి.మీ. రీడింగులు వదిలేయాలి?