నీలగిరి కొట్టేసిన మెట్టలో కంది ఎందుకు ఎదగదు?

నాగావళి ఒడ్డు (రాయగడ): పదేళ్ళకు పైగా నీలగిరి తోట ఉన్న మూడెకరాల మెట్టను నేను కౌలుకు తీసుకున్నాను. రెండో ఏడు కూడా కంది పసుపు తిరిగి గిడసబారింది, మొక్క పెకలించి చూస్తే వేళ్ళకు నాలుగు బొడిపెలైనా సరిగా లేవు. నీలగిరి నేలలోని సూక్ష్మజీవులను చంపేస్తుందని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పండి.

గుణుపురం మాస్టారు: నేను కాదంటాను. వేళ్ళకు తొడుగులా అల్లుకునే శిలీంధ్రాలతోనూ, కందికీ చోడికీ ఉన్నట్టు వేరు కణాల్లోకి చొచ్చుకుపోయే శిలీంధ్రాలతోనూ నీలగిరి పొత్తు కలుపుకుంటుంది. ఈ పొత్తుకు 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త మైకోరైజా అని పేరు పెట్టాడు. చెట్టు చక్కెర ఇస్తే, శిలీంధ్రం వేరుకు అందని చోటి నుంచి భాస్వరాన్ని తెచ్చి పెడుతుంది. కనుక మీ నేల చచ్చిపోలేదు, అందులోని కాపురస్థులు మారారు. రాలిన నీలగిరి ఆకులో నత్రజని తక్కువ కావడంతో, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న కాస్త నత్రజనినీ ముందు తామే తీసుకుంటాయి. ఇంతకీ ఆ బొడిపెలను కోసి చూశారా? లోపల గులాబి రంగు ఉంటేనే, వాటిలో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టు.

నాగావళి ఒడ్డు: లేని బొడిపెలను ఏం కోయమంటారు? ఉన్న రెండు మూడూ తెల్లగానే ఉన్నాయి.

పర్లాకిమిడి ఆడపడుచు: రైజోబియం, అంటే ఆ బొడిపెలు కట్టించే బాక్టీరియా, పొట్లం తెచ్చి, బెల్లం నీళ్ళతో విత్తనానికి పట్టించి, మా ఇంట్లో ఎండలో ఆరబెట్టారు. అది నీడలో ఆరాలని పంట పోయాక తెలిసింది.

గుణుపురం మాస్టారు: యూరియా వేశారా?

నాగావళి ఒడ్డు: విత్తేటప్పుడు ఎకరాకు ఒక బస్తా వేశాను. వేస్తే తప్పా?

గుణుపురం మాస్టారు: తప్పే. నత్రజని చేతికి అందుతున్నప్పుడు కంది బాక్టీరియాను ఇంటికి పిలిచి చక్కెర పెట్టదు. తరువాత వానలకు యూరియా కొట్టుకుపోయి, బొడిపెలూ రాక, రెంటికీ చెడ్డ రేవడి అయింది.

జైపూర్ మెట్ట రైతు: మీరిద్దరూ చెట్టునూ బస్తానూ పట్టుకుని వేలాడుతున్నారు. మన కొండవాలు ఎర్రనేలల్లో చాలావాటికి పులుపు (ఆమ్లగుణం) ఎక్కువ, వాటిలో భాస్వరం ఇనుముతో, అల్యూమినియంతో బిగిసిపోతుంది. ఇనుము పట్టిన భాస్వరాన్ని కంది తన వేరు ఊటలతో కొంత విడిపించుకోగలదు గాని, నత్రజని పట్టే బాక్టీరియాకు కొద్దిగా కావలసిన మాలిబ్డినం అనే పోషకం పులుపు నేలలో సరిగా అందదు. ముందు పరీక్ష చేయించి, అవసరమైతే సున్నం వేయండి.

గుణుపురం మాస్టారు: అదీ నిజమే. సున్నం వేసి, పశువుల ఎరువు తోలి, రెండు మూడేళ్ళు ఓపిక పడితే నేల దారికి వస్తుంది.

నాగావళి ఒడ్డు: ఓపిక ఎవరిది మాస్టారూ? రెండు కోతల కలప డబ్బు యజమాని తీసుకున్నాడు, కోలుకునే ఏళ్ళు నా లెక్కలో పడ్డాయి. కౌలు తగ్గించమంటే, నేల బాగానే ఉందని ఆయన అంటున్నాడు. మీరు రాసిన “నేల చచ్చిపోలేదు” అన్న మాటనే రేపు నాకు చూపిస్తాడు. మీ మెట్టనూ నీలగిరికి ఇచ్చానని మీరే ఇదివరకు ఇక్కడ రాశారు. మీ కౌలుదారుకు ఎంత తగ్గించారు?

గుణుపురం మాస్టారు: మొదటి ఏడు సగం తగ్గించాను, రెండో ఏడు తగ్గించలేదు. అది సరైన పని కాదని ఇప్పుడు అనిపిస్తోంది. అయినా మీ కౌలు కోసం నేల చచ్చిందని అబద్ధం రాయలేను. పూర్తి కౌలుకు తగ్గ పంట ఇచ్చే స్థితిలో ఆ నేల ఇప్పుడు లేదని మాత్రం రాయగలను. దానికి రుజువు మీ చేతిలోనే ఉంది. ఏటా కంది బాగా పండే, ఎండు తెగులు లేని పొరుగు చేను నుంచి కొన్ని గంపల మట్టి తెచ్చి ఒక పట్టెలో సాళ్ళలో వేయండి, పక్క పట్టెను అలాగే వదలండి, రెండింటికీ యూరియా వేయకండి. మట్టి వేసిన పట్టెలోనే గులాబి బొడిపెలు వస్తే కొరత బాక్టీరియాది. రెండింటిలోనూ రాకపోతే జైపూర్ ఆయన చెప్పిన పులుపును అనుమానించాలి.

జైపూర్ మెట్ట రైతు: మూడో పట్టె ఒకటి వదిలి దానికి సున్నం కూడా వేయండి.

నాగావళి ఒడ్డు: వేస్తాను, గంపలు మోసేది ఎలాగూ నేనే. కొట్టేసిన మోళ్ళ నుంచి నీలగిరి మళ్ళీ చిగుళ్ళు వేస్తోంది. వాటిని తవ్వించే ఖర్చు ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాయండి మాస్టారూ.