ఎముకా, నోరా? అగస్టీన్ వాడిన ‘ఒస్సుమ్’

ప్రశ్న: “పండితులు తప్పుపట్టినా పర్లేదు, జనానికి అర్థం కాకపోతేనే చిక్కు” అని సెయింట్ అగస్టీన్ (4-5 శతాబ్దాల ఉత్తరాఫ్రికా బిషప్) అన్నట్టు చదివాను. నిజంగా అన్నాడా? క్రైస్తవం అంతగా పాకడానికి ఇలా వాడుకమాటల్లో బోధించడమే కారణమా?

జవాబు: అన్నాడండీ, కీర్తనల మీద చేసిన ప్రసంగాల్లో. లాటిన్ లెక్కలో 138వ కీర్తన, మన తెలుగు బైబిల్లో 139వది. అందులో 15వ వచనం దగ్గర ఎముక ప్రస్తావన వస్తుంది.

లాటిన్‌లో ఎముక ‘ఒస్’, నోరు ‘ఓస్’. తేడా అంతా దీర్ఘంలోనే. మనకి కలం, కాలం రాతలోనే విడిపోతాయి; లాటిన్‌లో ఈ రెంటికీ ఒకటే రాత. పోనీ పలికితే తెలుస్తుందా అంటే, ఉత్తరాఫ్రికా వాళ్ల చెవికి ఈ హ్రస్వదీర్ఘాలు పట్టవని అగస్టీనే ఇంకోచోట రాశాడు. అందుకే బజారులో వినిపించే ‘ఒస్సుమ్’ వాడేశాడు. వ్యాకరణం ఒప్పుకోని రూపం. వాడిన వెంటనే మీరు చదివిన ఆ మాట అన్నాడు.

తమాషా ఏంటంటే ఆ రోజు ఆయన సిద్ధమై వచ్చింది వేరే చిన్న కీర్తనకి. చదివేవాడు కంగారులో ఇది చదివేశాడు. సరే, ఇదీ దైవసంకల్పమే అనుకుని అప్పటికప్పుడు దీని మీదే మాట్లాడాడు. అంత పెద్ద ప్రసంగం! హిప్పోలో (నేటి అల్జీరియాలోని అన్నాబా) ఆయన కూర్చుని బోధిస్తుంటే జనం నిలబడి వినేవారు, నచ్చితే కేకలు వేసేవారు. లేఖకులు పొట్టిరాతలో ఎక్కించుకునేవారు.

ఆయనకి వ్యాకరణం రాక కాదు. కార్తేజ్, రోమ్, మిలాన్‌లలో అలంకారశాస్త్రం చెప్పిన మాస్టారు. కుర్రతనంలో బైబిల్ తెరిచి, రోమన్ వక్త సిసెరో శైలి ముందు ఇదేం భాష అని పక్కన పెట్టినవాడు కూడా.

ఇక రెండో ప్రశ్న. భాష ఒక్కటే కారణమంటే నేనొప్పుకోను, కానీ పెద్ద కారణమే. మొదట్లో ఆ పని చేసింది గ్రీకు. పౌలు రోమ్ వాళ్లకి రాసిన ఉత్తరం కూడా లాటిన్‌లో కాదు, గ్రీకులో. అయితే గ్రీకు అన్నిచోట్లా చాల్లేదు. లుస్త్ర (నేటి టర్కీలో) అనే ఊళ్లో జనం స్థానిక లుకయోనియ భాషలో కేకలు పెడుతూ పౌలుని హెర్మేస్ దేవుడనుకున్నారని అపొస్తలుల కార్యములు 14లో ఉంది.

మరొకరు: ఎంత తేలిక చేసినా అదీ లాటినే కదండీ. హిప్పో చుట్టుపక్కల పల్లెల్లో ప్యూనిక్ (కార్తేజ్ వాళ్ల పాత భాష) మాట్లాడేవారు. ఈజిప్టులో కాప్టిక్‌లో, సిరియాలో సిరియాక్‌లో బైబిల్ వచ్చింది. అర్మేనియన్ల కోసం మెస్రోప్ మష్టోత్స్ 405 ప్రాంతంలో లిపే తయారుచేశాడు. ప్యూనిక్ బైబిల్ ఏదీ?

జవాబు: సరైన దెబ్బ కొట్టారు. అలాంటిది మనకి దొరకలేదు. అయినా ఆయనకి ఆ పట్టింపు లేకపోలేదు. ఒక ప్రసంగంలో “తెగులు ఒక కాసు అడిగితే రెండిచ్చి పంపెయ్” అనే ప్యూనిక్ సామెత చెబుతూ, మీలో అందరికీ ప్యూనిక్ రాదు కాబట్టి లాటిన్‌లో చెబుతున్నా అన్నాడు. అంటే కొందరికి వచ్చన్నమాటే. ఫుస్సాలా అనే ఊరికి బిషప్‌ని పెట్టాల్సొస్తే ప్యూనిక్ వచ్చినవాడి కోసం వెతికాడు. ఒప్పుకున్న పాదిరి ఆఖరి నిమిషంలో కాదన్నాడు. దాంతో ఆంటోనినస్ అనే కుర్రాడిని నిలబెట్టారు. భాష వచ్చింది గానీ బుద్ధి రాలేదు, ఊరిని దోచుకు తిన్నాడు. ఆ గొడవ పోప్ దాకా వెళ్లింది. దాని మీద అగస్టీన్ రాసుకున్న ఉత్తరం చదివితే పాపం అనిపిస్తుంది.

ఇంకొకరు: ఇంతకీ ‘ఒస్సుమ్’ ఏమైంది?

జవాబు: గెలిచింది. ఇటాలియన్ ‘ఒస్సో’, స్పానిష్ ‘వేసో’ రెండూ దాంట్లోంచి వచ్చినవే.