హార్ట్, చై, శ్రద్ధ: మనసు పెట్టడం గురించి

ప్రశ్న: బ్యాంకాక్‌లో ఉన్న మా మనవరాలు స్కూల్లో థాయ్ నేర్చుకుంటోంది. హార్ట్ అనే మాటకి నోట్సులో మూడు రాసుకుంది: చై, హువ చై, హథాయ్. మూడోది మన హృదయమేనా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు: అవునమ్మా, మన హృదయమే. పాళీలో హదయ, థాయ్‌లో హథాయ్. కవిత్వంలోనూ మనుషుల పేర్లలోనూ కనిపిస్తుంది. రాజకుటుంబం గురించి చెప్పేటప్పుడు చై అనకుండా, ఇదే మాటని కుదించి ఫ్ర థాయ్ అంటారు. బజార్లో మాత్రం వినపడదు. మనకీ అంతే కదా, నోటికి ముందు వచ్చేవి గుండె, మనసు. హృదయం పుస్తకంలో మాట. హువ చై అంటే ప్రధానంగా డాక్టర్ చూసే గుండె, ప్రేమ పాటల్లోనూ వస్తుంది. రోజూ వాడే మాట చై. ఇంగ్లీషు అక్షరాల్లో జె పెట్టి రాస్తారు కాబట్టి చాలామంది జై అని చదువుతారు. అసలు పలుకు మన చ కారానికే దగ్గర.

హార్ట్ కూడా హృదయానికి చుట్టమే. లాటిన్‌లో కోర్, గ్రీకులో కర్దియా (కార్డియాలజిస్ట్ అక్కణ్ణుంచే వచ్చాడు). ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల్లో పాత క కారం హ అయింది, ద కారం ట అయింది. అలా హార్ట్ తేలింది. అయితే హార్ట్‌లో హ, హృదయంలో హ ఒకే దారిలో వచ్చాయనుకోవద్దు. ఇంగ్లీషు హండ్రెడ్‌కి సంస్కృతంలో శతం ఉన్నట్టే, హార్ట్‌కీ శ కారంతో మొదలయ్యే మాట ఉండాలి. హృదయంలో ఆ శ లేదు. మరి ఎక్కడుంది?

శ్రద్ధలో ఉంది. శ్రత్ అంటే గుండె, ధా అంటే పెట్టడం అని చాలామంది భాషావేత్తలు విడదీస్తారు. లాటిన్‌లో నమ్ముతున్నాను అనడానికి వాడే క్రేడో కూడా ఇదే పుట్టుక. బ్యాంకు వాళ్ల క్రెడిట్ అందులోంచే వచ్చింది. శ్రద్ధ థాయ్‌కి వెళ్లి సత్‌థా అయింది, అక్కడ అర్థం విశ్వాసం, భక్తి. తెలుగులో ఏకాగ్రత వైపు వచ్చింది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైంది ఇక్కడే ఉంది. మా అమ్మ రెండు విధాలుగా చెప్పేది: "శ్రద్ధగా చదువు", "మనసు పెట్టి చదువు". రెండూ వేర్వేరు మాటలనుకునేవాణ్ణి. మొదటిదాన్ని విప్పితే రెండోదే వస్తుంది! థాయ్ అమ్మలు పిల్లలకి చెప్పేది "తంగ్ చై రియన్". తంగ్ అంటే నిలబెట్టడం, చై మనసు, రియన్ చదవడం. సంస్కృతంతో పని లేకుండా వాళ్లూ అక్కడికే చేరారు.

మీ మనవరాలికి ఇంకొన్ని చెప్పండి. దీ అంటే మంచి. దీ చై అంటే సంతోషం, తిప్పి చై దీ అంటే మంచి మనసున్న మనిషి. ఖావ్ అంటే లోపలికి వెళ్లడం; ఖావ్ చై, అర్థమైంది. నామ్ అంటే నీళ్లు. నామ్ చై, అడక్కుండానే సాయపడే గుణం. నేను బ్యాంకాక్‌లో ఉన్నప్పుడు ఆఫీసుకి లేటవుతోందని టెన్షన్‌తో మెట్లు దిగుతుంటే ఇంటావిడ చీపురు ఆపి "చై యెన్ యెన్" అనేది. యెన్ అంటే చల్లన. మనసు చల్లబరచుకో నాయనా అన్నట్టు వినపడేది.

ఇంగ్లీషు బై హార్ట్ దగ్గర మాత్రం మనం వేరే చోటికి పోయాం. మనకి పాఠం కంఠస్థం, లేదా నోటికి వస్తుంది. థాయ్ వాళ్లకి ఖున్ చై, మనసుకెక్కుతుంది. మనం ఆ ఇంగ్లీషు మాటనే "బైహార్ట్ చెయ్యడం" అని క్రియ చేసేసుకున్నాం కూడా.

ప్రశ్న: పేకముక్కల్లో హార్ట్‌ని కూడా చై అంటారా అండి? మనకి ఆఠీను కదా.

జవాబు: అనరండి. ఫో డేంగ్ అంటారు. డేంగ్ ఎరుపు, ఫో అంటే బోధివృక్షం, మన రావిచెట్టు. ఇస్పేటు ఫో దమ్, నల్ల రావి. మనం గుండె చూసిన చోట వాళ్లు రావి ఆకు చూశారు. ఈసారి ఇస్పేటు ఆసు చేతికొస్తే ఒక్కసారి ఆగి చూడండి, కింద ఆకు కాడ కూడా ఉంటుంది.