బస్తీ ఫుట్‌బాల్ మైదానానికి ప్రభుత్వ నిధులు వస్తే ముందుగా దేనికి ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: సికింద్రాబాద్ క్లబ్ సభ్యుడు

మాది సికింద్రాబాద్‌లో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్. మేము ఆడే మైదానం ప్రభుత్వ స్థలం. ఏళ్ల తరబడి మేమే చదును చేయించుకుంటూ, గోల్‌పోస్టులకు రంగులు వేయించుకుంటూ వస్తున్నాం గానీ మా పేరిట లీజు కాగితం ఏదీ లేదు. పొద్దున వాకర్లు, మధ్యాహ్నం క్రికెట్ పిల్లలు, సాయంత్రం మేము వాడుకుంటాం. సభలకు, పెళ్లిళ్లకు షామియానా వేసినప్పుడల్లా గుంజల గుంతలు పెనాల్టీ ఏరియాలోనే మిగిలిపోతాయి, వాటిని పూడ్చే పని మా మీదే పడుతుంది. వానాకాలంలో ఒకవైపు గోల్ ముందు చీలమండ లోతు నీళ్లు నిలిచి, మూడు నాలుగు రోజులు ఆట సాగదు.

ఆధునికీకరణకు నిధులు ఇప్పిస్తామని ఇప్పుడు ఒక ప్రజాప్రతినిధి మాట ఇచ్చారు. కమిటీలో కొందరు కృత్రిమ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి పరుపు), ఫ్లడ్‌లైట్లు కావాలంటున్నారు, మరికొందరు గ్యాలరీ, ముఖద్వారం అంటున్నారు. ఇలాంటి పనుల్లో అనుభవమున్నవారు ముందు దేన్ని అడగాలో, ఏయే విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలో చెప్పగలరు.

జవాబు: మైదానాల పనులు చేసిన సివిల్ ఇంజనీరు

గ్యాలరీ మాట పక్కన పెట్టండి. మీ మైదానానికి ఉన్న జబ్బు నీళ్లు నిలవడం, కాబట్టి మొదటి రూపాయి నేల కింద పెట్టాలి. లెవెల్ సర్వే చేయించి, మధ్య నుంచి అంచులకు ఒక శాతం లోపు వాలు ఇచ్చి, అడుగున కంకర, చిల్లుల పైపులు వేసి, ఆ నీళ్లు చేరడానికి బయట వరద కాలువ ఉందో లేదో ముందే చూసుకోవాలి. బయట దారి లేని పైపులు భూమిలో పాతిపెట్టిన డబ్బుతో సమానం. ఆ పైన ఇసుక కలిపిన మట్టి పొర, బెర్ముడా గడ్డి, బోరు, నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఆడుకోవచ్చు.

కృత్రిమ టర్ఫ్‌కు నేను వ్యతిరేకిని కాను. రోజంతా జట్లు దిగే చోట అదే మేలు. కాకపోతే ఆ తివాచీ ఎనిమిది, పదేళ్లకు మార్చాల్సి వస్తుంది, మే నెల మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టలేరు, అందులో పోసే రబ్బరు గుళికలు కొట్టుకుపోతూ ఉంటాయి. సూక్ష్మ ప్లాస్టిక్ బెడద వల్ల ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధనతో అక్కడ ఆ గుళికల అమ్మకం 2031 తర్వాత ఆగిపోతుంది. ఇక్కడ ఎంపీల్యాడ్స్ (ఎంపీల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం) కింద ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్ల రూపాయలు ఉన్నా అవి శాశ్వత ఆస్తుల కోసమే తప్ప గడ్డి కోసేవారి జీతానికి రావు. పదేళ్ల తర్వాత కొత్త తివాచీ ఎవరు కొంటారో ఇప్పుడే తేల్చుకోలేకపోతే దాని జోలికి వెళ్లవద్దని నా సలహా.

జవాబు: లీడ్స్‌లో స్థిరపడిన తెలుగువాడు

ఇక్కడ మా అబ్బాయి ఆడే క్లబ్ కమిటీలో ఉండటం వల్ల ఇంగ్లండ్ పద్ధతి కొంత దగ్గరగా చూశాను. ప్రీమియర్ లీగ్, ఫుట్‌బాల్ అసోసియేషన్, ప్రభుత్వం కలిసి 2000లో ఏర్పాటు చేసిన ఫుట్‌బాల్ ఫౌండేషన్ ద్వారా స్థానిక మైదానాలకు గ్రాంట్లు వస్తాయి. పెద్ద గ్రాంటు కావాలంటే స్థలం సొంతమైనా కావాలి, దీర్ఘకాల లీజైనా చూపాలి. కృత్రిమ టర్ఫ్ వేసినవారు దాన్ని మార్చే ఖర్చు కోసం ఏటా కొంత సొమ్ము విడిగా జమ చేస్తూ పోవాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది గడ్డి నిర్వహణకు ఇచ్చే గ్రాంటు. క్లబ్బు మనిషి ఫోన్‌తో మైదానమంతా తిరిగి, గడ్డి ఎంత పరుచుకుందో, వేరు ఎంత లోతు దిగిందో కొలిచి, ఫొటోలు పంపుతాడు. నిపుణులు చూసి ఏం చేయాలో నివేదిక ఇస్తారు. డబ్బు ఆరేళ్లపాటు, ఏడాదికేడాది తగ్గుతూ వస్తుంది. ఆలోపు క్లబ్బు తన కాళ్ల మీద తాను నిలబడాలన్నది అందులోని ఉద్దేశం.

మాట ఇచ్చారని మాత్రం ధీమా పడకండి. ఉత్తర ఐర్లాండ్‌లో స్థానిక ఫుట్‌బాల్ మైదానాల కోసం 2011లోనే 3.62 కోట్ల పౌండ్లు కేటాయించారు. తర్వాత అక్కడి ప్రభుత్వమే రెండుసార్లు ఏళ్ల తరబడి స్తంభించింది, ఈలోగా నిర్మాణ ధరలు పెరిగిపోయాయి, క్లబ్బులు దశాబ్దానికి పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. పరిపాలనా అనుమతి, విడుదల తేదీ కాగితం మీద చూసేదాకా మీ జేబులోంచి ఖర్చు మొదలుపెట్టకండి.

జవాబు: విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, వరంగల్

అసలు ఒక క్లబ్బుకు ప్రజాధనం ఎందుకు ఇవ్వాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు కాబట్టి నేను వేస్తున్నాను. మైదానం బాగుపడగానే గేటుకు తాళం పడి, గంటకింతని వసూలు మొదలై, బస్తీ పిల్లలు గోడ బయట నిలబడిన చోట్లు నేను చూశాను. అలా కాకూడదంటే వారంలో ఎన్ని గంటలు బడి పిల్లలకు, ఎన్ని గంటలు ఆడపిల్లలకు ఉచితమో ఒప్పందంలోనే రాయాలి, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ముఖద్వారం కన్నా ముందు కట్టాలి, లెక్కలు ఏటా నోటీసు బోర్డు మీద పెట్టాలి.

అయితే ఇలాంటి చిన్న మైదానాలను నిలబెట్టుకోవాలనడంలో నాకు రెండో మాట లేదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచిన భారత జట్టునూ తీర్చిదిద్దినవారు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన రహీం సాబ్. 1962 జట్టులోని తులసీదాస్ బలరాం మీ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడే. పెద్ద స్టేడియాలు వచ్చాయి గానీ అలాంటి పిల్లలు బంతి తన్నే చోట్లు తగ్గిపోయాయి. తెలంగాణ ఊళ్లలో 2022 నుంచి ప్రభుత్వం ఏర్పాటు చేసిన క్రీడా ప్రాంగణాలు మంచివే, కానీ 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండే పూర్తి ఫుట్‌బాల్ మైదానానికే ఎకరం ముప్పై గుంటల దాకా కావాలి, ఆ ప్రాంగణాల ఎకరం స్థలంలో అది పట్టదు. అంత స్థలం ఇప్పటికే మీ చేతిలో ఉంది కాబట్టి టర్ఫ్ కన్నా ముందు దాని హద్దులు సర్వే చేయించి, రికార్డుల్లో ఆట స్థలంగా రాయించండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. హద్దుల సర్వే, లీజు దరఖాస్తు, వాననీటి పారుదల అంచనా, ఈ వరుసలో ఆదివారం కమిటీ ముందు పెడతాను. గుంజలు పాతే కార్యక్రమాలకు అనుమతి ఇచ్చే ముందు పూడ్చివేతకు డిపాజిట్ కట్టించుకోవాలన్న షరతును కూడా లీజులో అడుగుతాం. ఇంకొక్క సందేహం. వాకర్లు మైదానం చుట్టూ సిమెంటు టైల్స్ దారి కావాలంటున్నారు. టచ్‌లైన్‌కు (మైదానం పక్క గీతకు) ఎంత దూరంలో వేయవచ్చు?

సివిల్ ఇంజనీరు

గీతకు బయట కనీసం 3 మీటర్లు గడ్డి నేలగానే వదలండి, గోల్ వెనక ఇంకా ఎక్కువ ఉంటే మంచిది. జారుతూ వచ్చిన ఆటగాడి మోకాలు టైల్ అంచుకు తగలకూడదు. వాకర్లకు దారి కంచె అవతల వేస్తే బంతి తగులుతుందన్న గొడవ కూడా ఉండదు. ఆ కంచెను అంచనాలో ఇప్పుడే చేర్చండి, తర్వాత విడిగా అడిగితే మంజూరు కావడం కష్టం.