స్టీమ్‌లో కొనడమా, జీవోజీలో కొని ఇన్‌స్టాలర్ దాచుకోవడమా?

స్టీమ్, జీవోజీ (GOG) లాంటి ఆన్‌లైన్ స్టోర్లలో పీసీ గేమ్స్ డిజిటల్‌గా కొనేవాళ్లు కాస్త సలహా ఇవ్వండి. స్టీమ్‌లో రీఫండ్ తేలిక: కొని 14 రోజులు దాటకుండా, 2 గంటల లోపే ఆడి ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. కానీ మన చేతికొచ్చేది ఆడుకునే లైసెన్సు మాత్రమే, గేమ్ మన సొంతం కాదు. 2024 మార్చి 31న 'ది క్రూ' అనే ఆన్‌లైన్ రేసింగ్ గేమ్ సర్వర్లు ఆపేశాక డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఆడలేకపోయారు. డిస్కు ఉన్నవాళ్లదీ అదే గతి. అందుకే సింగిల్ ప్లేయర్ గేమ్స్ వరకు జీవోజీయే నయమని నా అభిప్రాయం. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ (నెట్ లేకున్నా గేమ్ ఎక్కించుకునే ఫైలు) దించుకుని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో పెట్టుకోవచ్చు. పెద్ద గేమ్ అయితే 4 జీబీ ముక్కలుగా వస్తుంది, అందులో ఒక్క ఫైలు పాడైనా ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది.

నా సందేహం ఇక్కడే. ప్యాచ్ (గేమ్‌కు అప్‌డేట్) వచ్చిన ప్రతిసారీ 60–70 జీబీ మళ్లీ దించుతున్నారా, పాత వెర్షనే ఉంచేస్తున్నారా? దాచిన ఫైళ్లు చెడిపోలేదని దేనితో చెక్ చేస్తున్నారు?