'సిక్స్-షూటర్' అంటే ఏ రివాల్వరైనా అవుతుందా? అందులో అయిదు తూటాలే ఎందుకు?

ప్రశ్న:

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పశ్చిమ ప్రాంతంలో జరిగే ఒక పాత కథను తెలుగులోకి అనువదిస్తున్నాను. పాత్రల నడుముకు వేలాడే ఆయుధాన్ని రచయిత ఒకటి రెండు చోట్ల 'రివాల్వర్' అనీ, మిగిలిన అన్ని చోట్లా 'సిక్స్-షూటర్' అనీ పేర్కొన్నారు. చిత్తుప్రతిలో దాన్ని 'ఆరు తూటాల పిస్టల్' అని రాసుకున్నాను. అయితే కథ మధ్యలో ఒక ముసలి పశువుల కాపరి, కొత్తగా పనిలో చేరిన కుర్రవాడి ఆయుధం అందుకొని, ఒక తూటా బయటికి తీసి, "ఇప్పుడు ఒరలో పెట్టుకో" అంటాడు. ఆరు తూటాల ఆయుధంలో అయిదే ఉంచమనడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అసలు ఈ మాటకు కచ్చితమైన అర్థం ఏమిటి? ఈ రోజుల్లోని రివాల్వర్‌ను కూడా ఇలా పిలుస్తారా?

మొదటి జవాబు:

మాట అర్థం సూటిగానే ఉంది: మళ్ళీ మందుగుండు నింపకుండా ఆరుసార్లు పేలే చేతి తుపాకి. ఇక్కడ 'షూటర్' అంటే కాల్చే మనిషి కాదు, కాల్చే పరికరం. మనం 'జోడు గొట్టాల తుపాకి' అన్నప్పుడు గొట్టాల లెక్క చెప్పినట్టే, ఈ మాట తూటాల లెక్క చెబుతుంది.

ఆ లెక్క చెప్పవలసిన అవసరం అప్పట్లో నిజంగా ఉండేది. అంతకు ముందు జనం చేతిలో ఉన్న పిస్టళ్ళు చాలా వరకు ఒక్కసారి పేలి ఆగిపోయేవి. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు పొంది, న్యూజెర్సీలోని ప్యాటర్సన్ పట్టణంలో తయారుచేయించిన తొలి రివాల్వర్ల సిలిండర్‌లో, అంటే తిరిగే గుండ్రటి భాగంలో, తూటాలు పట్టే అరలు అయిదే ఉండేవి. 1847లో వచ్చిన వాకర్ నమూనాలో ఆరు అరలు పెట్టారు. అది సుమారు రెండు కిలోల బరువుండేది. స్మిత్ అండ్ వెసన్ సంస్థ 1857లో తెచ్చిన చిన్న రివాల్వర్‌లో ఏడు అరలు ఉన్నాయి. కనుక సిక్స్-షూటర్లన్నీ ఆ కాలంలో ఇంచుమించు రివాల్వర్లే గానీ, రివాల్వర్లన్నీ సిక్స్-షూటర్లు కావు.

ఇక ఆ అయిదు తూటాల సంగతి. మీ కథ 1873 తరువాతి కాలానిదైతే, ఆ ఆయుధం 'పీస్‌మేకర్' అని పేరుపడిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ గానీ, దానిలాంటిది గానీ అయి ఉండవచ్చు. అందులో హ్యామర్, అంటే వెనక ఉండే చిన్న సుత్తి, దించి ఉన్నప్పుడు దాని మొన సరిగ్గా తన ఎదుట ఉన్న అరలోని తూటా అడుగును తాకుతూ ఉంటుంది. ఆయుధం జారి రాతిమీద పడినా, గుర్రపు జీను సరిచేస్తుండగా ఏదైనా బరువైనది ఆ సుత్తికి తగిలినా, ఎవరూ ట్రిగ్గర్ నొక్కకుండానే అది పేలవచ్చు; ఒరలో ఉండగా పేలితే ఆ దెబ్బ పెట్టుకున్నవాడి కాలికే. అందుకే తెలిసినవారు ఒక అర ఖాళీగా వదిలి, సుత్తిని ఆ ఖాళీ మీదికి దించి ఉంచేవారు. ఆ ముసలి కాపరి కుర్రవాడికి నేర్పుతున్నది అదే. రచయిత పొరపాటేమీ లేదు.

రెండో జవాబు:

పై వివరణతో ఏకీభవిస్తూనే, 'పిస్టల్' అన్న మాట విషయంలో ఒక అభ్యంతరం చెబుతాను. ఆనాటివారు రివాల్వర్‌ను కూడా పిస్టళ్ళలో ఒక రకంగానే లెక్కపెట్టిన మాట నిజమే. కానీ నేటి తెలుగు పాఠకుడికి పిస్టల్ అనగానే పిడిలోకి మ్యాగజైన్, అంటే తూటాలు పేర్చిన డబ్బీ, దూర్చే ఆయుధం కళ్ళ ముందు మెదులుతుంది. ఆ ఊహతో చదివితే ఖాళీ అర, దాని మీద సుత్తి అన్న మాటలకు చోటే ఉండదు. 'రివాల్వర్' అన్న పేరే తిరగడాన్ని సూచిస్తుంది, తిరిగేది అరలున్న ఆ సిలిండరే. కాబట్టి 'ఆరు తూటాల రివాల్వర్' అని మొదటిసారి రాసి, ఆ తరువాత 'రివాల్వర్' అంటే సరిపోతుంది. ప్రతిసారీ ఆరు తూటాలని రాస్తే వాక్యం బరువెక్కుతుంది. సంభాషణల్లో మాత్రం 'సిక్స్-షూటర్' అనే ఉంచండి. 'తమంచా' అనే ఆలోచన వస్తే దాన్ని దూరంగా పెట్టండి. ఇప్పుడు ఆ మాట వినగానే నాటు తుపాకి గుర్తుకొస్తుంది.

మీ చివరి ప్రశ్నకు జవాబు: ఆరు అరల రివాల్వర్లు ఇప్పటికీ తయారవుతున్నాయి గానీ, వాటిని వాడేవారు మామూలుగా 'రివాల్వర్' అనే అంటారు. 'సిక్స్-షూటర్', దాని జంటమాట 'సిక్స్-గన్' వినగానే ఆ గుర్రాల కాలం, ఆ పాత నమూనాలే మనసులోకి వస్తాయి. ఒక నగర పోలీసు అధికారి చేతిలోని కొత్త ఆయుధాన్ని ఎవరైనా అలా పిలిస్తే, కావాలనే పాత వాసన తగిలించారని అర్థం.

అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు చదివాక మూలాన్ని మళ్ళీ తెరిచి చూశాను. తూటా తీసిన తరువాత ముసలివాడు సిలిండర్‌ను తిప్పి, సుత్తిని బొటనవేలితో ఆపుకుంటూ నెమ్మదిగా దించుతాడని అక్కడ ఒక చిన్న వాక్యం ఉంది. అది కేవలం వర్ణన అనుకుని చిత్తుప్రతిలో వదిలేశాను. ఇప్పుడు దాన్ని ఇలా చేర్చాను: "ముసలాయన ఒక తూటా తీసి కుర్రవాడి అరచేతిలో పెట్టాడు. ఖాళీ అయిన అర సుత్తి కిందికి వచ్చేదాకా సిలిండర్ తిప్పి, బొటనవేలితో సుత్తిని మెల్లగా దానిమీదికి దించాడు. 'ఇప్పుడు ఒరలో పెట్టుకో' అన్నాడు."

మొదటి జవాబిచ్చినవారు:

ఇది సరిగ్గా ఉంది. 'మెల్లగా' అన్న మాట మాత్రం ఏ కూర్పులోనూ తీసేయకండి; సుత్తిని వేలితో ఆపుకుంటూ దించడమే ఆ పనిలో జాగ్రత్త అవసరమైన ఘట్టం.