“ఆడంగితనము”, “పురుష సంయోగులు”: మొదటి కొరింథీ 6:9లోని రెండు మాటలు

ప్రశ్న

అందరికీ వందనాలు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయంలో, దేవుని రాజ్యానికి వారసులు కానివారిని పేర్కొంటూ “జారులైనను విగ్రహారాధకులైనను వ్యభిచారులైనను ఆడంగితనము గలవారైనను పురుష సంయోగులైనను” అని ఉంది. మా యువజన కూటంలో ఈ వచనం మీద వాదన గట్టిగానే జరిగింది. స్వలింగ సంపర్కం పాపమని లేఖనం సూటిగా చెబుతుంటే ఇంకా చర్చ ఎందుకని కొందరు అన్నారు. ఈ రెండు మాటలకు మూలంలో అర్థమే తేలలేదని మరికొందరు అన్నారు. గ్రీకు మూలం చదివినవారు, తెలుగు బైబిలు భాషను పరిశీలించినవారు ఇక్కడ ఉన్నారు గనుక అడుగుతున్నాను. ఈ మాటలు మూలానికి ఎంత దగ్గరగా ఉన్నాయి? “ఆడంగితనము” అంటే ఇక్కడ ఏమని అర్థం చేసుకోవాలి?

సమాధానం

ఈ రెండు మాటలను విడదీసి చూడాలి. రెండవ మాటను మన అనువాదకులు మూలానికి చాలా దగ్గరగా తెచ్చారు. మొదటి మాట దగ్గర మాత్రం, మూలంలో లేని ఒక బరువును తెలుగు మాట మోసుకొచ్చింది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లనే మన కూటాలలో వాదన పక్కదారి పడుతున్నదని నా అభిప్రాయం.

ముందు “పురుష సంయోగులు” సంగతి చూద్దాం. గ్రీకులో ఆ స్థానంలో ఉన్నది “అర్సెనొకోయితయ్”. “అర్సెన్” అంటే పురుషుడు, “కోయితే” అంటే పడక, శయనం. ఈ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలుకు పూర్వపు గ్రంథాలలో ఈ సమాసం మనకు దొరకదు. అయితే క్రీస్తుకు ముందే యూదులు గ్రీకులోకి తెచ్చుకున్న పాత నిబంధనలో, లేవీయకాండము 20:13లో, “అర్సెనొస్ కోయితేన్” అనే రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఆ గ్రీకు పాఠం బాగా ఎరిగిన పౌలు, లేదా ఆయన ఎరిగిన గ్రీకు యూదులు, ఆ రెంటినీ కలిపి ఈ మాటను కట్టి ఉంటారని డేవిడ్ రైట్ అనే పండితుడు 1984లో వాదించారు. సంప్రదాయ వ్యాఖ్యానాన్ని సమర్థించేవారు నేటికీ ప్రధానంగా దీని మీదనే నిలబడతారు.

మన తెలుగు పాఠంలో ఒక లోపం ఇక్కడ బయటపడుతుంది. లేవీయకాండము 18:22లో మనకు “స్త్రీ శయనమువలె పురుషశయనము కూడదు” అని ఉంది. కొరింథీ పత్రికకు వచ్చేసరికి “శయనము” పోయి “సంయోగము” వచ్చింది. గ్రీకు చదివేవాడికి ఈ రెండు చోట్లా ఒకే ధ్వని వినిపిస్తుంది, తెలుగు చదివేవాడికి వినిపించదు. “పురుషశయనులు” అని ఉంటే ఆ సంబంధం తెలుగు పాఠకుడికి కూడా తెలిసేది. సంప్రదాయ పక్షానికి బలం చేకూర్చే ఈ విషయం ఆ పక్షంవారి ప్రసంగాలలోనే వినపడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఎదుటి వాదానికీ ఆధారాలు లేకపోలేదు. 1980లో జాన్ బాస్వెల్ ఈ మాట పురుష వేశ్యలను ఉద్దేశించినదని అన్నారు. 1983లో రాబిన్ స్క్రాగ్స్, ఆనాటి గ్రీకు, రోమను సమాజంలో పెద్దవాళ్లు బాలురను వాడుకొనే ఆచారమే పౌలు కళ్లముందున్నదని అన్నారు. డేల్ మార్టిన్ మరో ప్రశ్న వేశారు. ఒక సమాసంలోని ముక్కల అర్థాలను కూడితే ఆ సమాసపు అర్థం వస్తుందని నమ్మకం ఏమిటి? మన భాషలోనే చూడండి, “సన్నాసి” అని తిట్టినవాడు ఎదుటివాడు కాషాయం కట్టాడని అనడం లేదు. పౌలు తరువాతి కొన్ని గ్రంథాలలో ఈ మాట దొంగతనం, అన్యాయపు సొమ్ము, పీడన వంటి వాటి మధ్య కనిపిస్తుంది గనుక, కామం ద్వారా ఎదుటివారిని దోచుకొని లాభపడే దుర్మార్గం ఏదో ఇందులో ఉండి ఉండవచ్చని మార్టిన్ వాదన.

నాకు తోచినంతవరకు ఈ మాట పుట్టుక విషయంలో రైట్ వివరణే బలమైనది, “పురుష సంయోగులు” అన్న అనువాదమూ సరైనదే. లాటిను బైబిలులోని “మస్కులోరుం కొంకుబితోరెస్” కూడా ఇంచుమించు ఇదే. కానీ దీని స్థానంలో నేటి వాడుకలోని “స్వలింగ సంపర్కులు” అనే మాటను పెట్టడం మాత్రం సరికాదు. మూలంలోని మాట పురుషులనే చెబుతుంది, స్త్రీల ప్రసక్తి అందులో లేదు. అది ఒక క్రియను చెబుతుంది. నేటి మాటలో మనిషి పుట్టుకతోనో, ఎదుగుదలతోనో ఏర్పడిన ఆకర్షణ, అతని జీవితమంతా కలిసి ఉన్నాయి. ఈ భావానికి ఐరోపా భాషలలో పేరు పుట్టినదే 1869లో, జర్మను భాషలో. 1946లో వెలువడిన ఆంగ్ల సవరణ పాఠం, రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్, కొరింథీ వచనంలోని రెండు గ్రీకు మాటలనూ కలిపి “హోమోసెక్సువల్స్” అనే ఒకే మాట పెట్టింది. 1971లో ఆ అనువాదకులే దానిని తొలగించి మరో మాట వాడారు. ఆ పాతికేళ్లలో ఆంగ్ల పాఠకుల మనసులలో నాటుకున్నది మాత్రం తొలగిపోలేదు.

ఇక “ఆడంగితనము” దగ్గరకు వస్తాను, నాకు బాధ కలిగించేది ఇదే. గ్రీకులో “మలకోయ్”, అంటే మెత్తనివారు. ఇదే విశేషణం మత్తయి 11:8లో బాప్తిస్మమిచ్చు యోహానును గురించి చెప్పే సందర్భంలో వస్తుంది, అక్కడ మన పాఠంలో “సన్నపు బట్టలు” అని ఉంది. సన్నపు బట్టలు కట్టినవారు రాజగృహాలలో ఉంటారన్న ఆ వాక్యంలో ఎవరి కామమూ లేదు. అరిస్టాటిలు తన నీతిశాస్త్రంలో “మలకియ” అన్నది ఓర్పుకు ఎదురుగా ఉండే గుణానికి, అంటే కష్టానికి నిలబడలేని తత్త్వానికి. భోగలాలసుడిని, శ్రమకు వెనుదీసేవాడిని, స్త్రీల కోసం అతిగా సింగారించుకొనేవాడిని కూడా ఆనాటి రచయితలు ఇలా పిలిచారు. పురుషునికి లోబడే పురుషుడిని సైతం అలా అన్న ప్రయోగాలున్నాయి, కాదనను. మధ్యయుగంలో థామస్ అక్వినాసు ఈ మాటకు లాటిను రూపమైన “మొల్లితియేస్”ను హస్తప్రయోగానికి వర్తింపజేశారు. ఒకే మాట మీద ఇన్ని అర్థాలు నడిచాయి.

ఇన్ని అర్థాలున్న మాటకు తెలుగులో “ఆడంగితనము” పడింది. కోస్తా వాడుకలో “ఇంట్లో ఆడంగులు” అంటే స్త్రీలు, అందులో అవమానం లేదు. కానీ ఏకవచనంలో మగవాడిని “ఆడంగి” అన్నప్పుడు అది తిట్టు. ఆ తిట్టు తగిలేది భోగలాలసుడికి కాదు, నడక నాజూకుగా, గొంతు సన్నగా, చేతులు ఆడిస్తూ మాట్లాడే కుర్రవాడికి. ఆ కుర్రవాడు ఎవరి పక్కనా పడుకొని ఉండనక్కరలేదు, ఎవరినీ కోరుకొని ఉండనక్కరలేదు. బల్లల వరుసలో కూర్చుని ఈ వచనం వింటున్న పదమూడేళ్ల పిల్లవాడు, బడిలో తనను పిలిచే పేరే దేవుని రాజ్యంలోకి రాకూడనివారి జాబితాలో దొంగల పక్కన చదవబడుతుంటే ఏమని అర్థం చేసుకోవాలి? పౌలు ఆ పిల్లవాడి నడకను గురించి రాయలేదు. తిక్కన విరాటపర్వంలో బృహన్నలను “పేడి” అన్నప్పుడు కూడా ఆ వేషంలో ఉన్నవాడు అర్జునుడని పాఠకుడికి తెలుసు. మాట ఒకటే అయినా, దానిని పట్టుకొని మనిషిని వెలివేయడం వేరు.

ఇది కేవలం మాటల పట్టింపు అనుకోవద్దు. ఆడవేషం వేసుకొని బయట ఆడిపాడిన మగవారిని శిక్షించేందుకు, వారి పేర్లతో పట్టిక రాసి ఉంచేందుకు నిజాం కాలంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, చేసిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గాని కొట్టివేయలేదు. ఆడతనం కనిపించిన మగవాడు నేరస్థుడన్న ఊహ ఈ నేల మీద అంతకాలం చట్టంలోనే ఉంది. బైబిలు మాట దానికి వంత పాడినట్టు వినిపించకూడదు.

సందర్భం గురించి ఒక్క మాట. ఆ అధ్యాయం మొదలయ్యేది విశ్వాసులు ఒకరి మీద ఒకరు అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యెమాడుకోవడంతో. ఎనిమిదవ వచనంలో “మీరే అన్యాయము చేయుచున్నారు” అని పౌలు సంఘాన్నే తప్పుపట్టి, మరుక్షణమే “అన్యాయస్థులు దేవుని రాజ్యమునకు వారసులు కానేరర”ని అంటాడు. జాబితాలోని పది రకాలవారిలో లోభులు, దూషకులు, దోచుకొనువారు కూడా ఉన్నారు. ఆస్తి తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే సంఘ పెద్దల ఎదుట ఈ వచనం ఎంత తరచుగా చదువుతున్నామో మనం ఆలోచించుకోవాలి.

అభ్యంతరం

ప్రభువు నామంలో వందనాలు. మీ వివరణ శ్రద్ధగా చదివాను. నడకను బట్టి, గొంతును బట్టి పిల్లలను హేళన చేయడం పాపమే, దానిలో మీతో ఏకీభవిస్తున్నాను. అయితే ఒక్క మాట అర్థాన్ని సడలించినంత మాత్రాన లేఖన బోధ సడలదు. రోమా పత్రిక మొదటి అధ్యాయంలో ఏ సమాసమూ లేదు, అనుమానమూ లేదు. స్త్రీలు సయితం స్వాభావికమైన ధర్మాన్ని విడిచారనీ, “పురుషులతో పురుషులు అవాచ్యమైనది చేయుచు” ఉన్నారనీ అపొస్తలుడు స్పష్టంగా చెప్పాడు. బాలురను వాడుకొనడమే అక్కడి విషయమైతే స్త్రీలను ఎందుకు ప్రస్తావించాడు? ఆదికాండంలో స్త్రీ పురుషుల జత, ప్రభువే మత్తయి 19లో దానిని ఎత్తిచూపడం, ఇన్ని శతాబ్దాల సంఘ సాక్ష్యం, ఇవన్నీ ఒకే వైపు ఉన్నాయి. “మీలో కొందరు అట్టివారై యుంటిరి” అన్న పదకొండవ వచనం విడుదలకు వాగ్దానం. దానిని చెప్పకుండా దాచడం ప్రేమ కాదు.

జవాబు

అయ్యా, మీరు చెప్పినది న్యాయమైన మాట. అసలు భేదం ఉన్నది రోమా పత్రిక దగ్గరే. స్త్రీల ప్రస్తావన గురించి మీరు అడిగిన ప్రశ్నకు బాలుర వాదం సమాధానం చెప్పలేదు. పౌలు ఆ క్రియలను మెచ్చుకున్నాడని నేను అనను, అనలేను కూడా.

కానీ అక్కడి వాదన దేని మీద నిలిచిందో చూడండి. “స్వాభావిక విరుద్ధము” అని మన పాఠం అన్నది గ్రీకులో “పరా ఫ్యుసిన్”. అదే పత్రిక 11:24లో అడవి ఒలీవ కొమ్మను, అంటే అన్యజనులను, మంచి చెట్టుకు దేవుడు “స్వభావవిరుద్ధముగా” అంటుకట్టాడని ఉంది. అక్కడ అదే పదబంధం దేవుని కృపాకార్యాన్ని చెబుతుంది. మొదటి కొరింథీ 11:14లో పురుషుడు తల వెండ్రుకలు పెంచుకొనడం అవమానమని “స్వభావసిద్ధముగా” తోస్తుందని ఉంది, దానిని మనం ఆనాటి ఆచారమని వదిలివేశాం. కనుక స్వభావం అన్న మాట ఎక్కడ సృష్టి నియమం, ఎక్కడ కాలపు ఆచారం అనేది నిఘంటువు తేల్చలేదు, వేదాంత వివేచన తేల్చాలి. ఈ వివేచనలో నిజాయితీగల విశ్వాసులు విడిపోయారు. లేఖనాన్ని ప్రేమించి, విగ్రహారాధకుల కామోద్రేకాన్ని వర్ణించే ఆ అధ్యాయంలో తమ జీవితం కనిపించక, ఒకే తోడుతో నమ్మకంగా బ్రతకాలని కోరుకొనే విశ్వాసులు ఉన్నారు. లేఖనాన్ని ప్రేమించి, ఆ కోరికను జయించి ఒంటరిగా జీవించడమే విధేయత అని ఎంచుకున్నవారూ ఉన్నారు. వీరిలో ఎవరినీ వాక్య ద్రోహి అనే సాహసం నేను చేయను. నా మట్టుకు నేను మొదటివారి పక్షాన ఉన్నాను. అయితే ఆ నిర్ణయాన్ని “అర్సెనొకోయితయ్” అర్థం మీద కట్టలేదు, అది అంత బరువు మోయలేదు.

పదకొండవ వచనం గురించి మీరన్నది కాదనను. కానీ ఆ వచనంలోనే ఉన్న కడుగబడినవారు అన్న మాట జాబితాలోని పదిమందికీ వర్తిస్తుంది, అందులో ఒక్కరిని మాత్రమే వేలెత్తి చూపి సంఘంలో పరీక్షకు నిలబెట్టడానికి అది ఆధారం కాదు. రోమా మొదటి అధ్యాయం ముగిసిన వెంటనే రెండవ అధ్యాయం “తీర్పు తీర్చు మనుష్యుడా” అని చదువరినే పిలుస్తుంది. పౌలు ఆ వరుసను కావాలనే అలా పెట్టాడని నేను నమ్ముతున్నాను.

ఇక ప్రశ్న వేసినవారు కోరిన అనువాదం సంగతి. “మలకోయ్”కి సరిపడే ఒక్క మాట తెలుగులో లేదు. “మెత్తనివారు” అంటే కుదరదు, మెత్తని మనిషి అన్నది మనకు మెచ్చుకోలు. “భోగలోలురు” అంటే ఒక అర్థం వస్తుంది, “పురుషులకు లోబడు పురుషులు” అంటే మరొకటి వస్తుంది. మొదటి దానిని పాఠంలో ఉంచి, రెండవ దానిని పేజీ అడుగున వివరణగా ఇచ్చి, మూలపదానికి ఈ రెండు అర్థాలూ ఉన్నాయని చెప్పడం మేలు. “పురుష సంయోగులు” అన్నది ఉన్నట్టే ఉండవచ్చు, కాకపోతే అక్కడ లేవీయకాండము 20:13ను చూడమని ఒక సూచన చేర్చాలి. సవరణ సంఘాలు ఆ పని చేసేలోగా, వాక్యం చదివే పెద్దలు “ఆడంగితనము” దగ్గర ఆగి, ఈ మాట ఎవరి నడకనూ, గొంతునూ ఉద్దేశించినది కాదని ఒక్క వాక్యం చెప్పి ముందుకు వెళ్లవచ్చు. మీ యువజన కూటంలో వచ్చే వారమే అది మొదలుపెట్టవచ్చు.